లక్ష కిలోమీటర్లు దాటిన కారు సస్పెన్షన్: అపోహలు - వాస్తవాలు

లక్ష, లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారును విజయవాడ ఆటోనగర్‌కు తీసుకువచ్చే యజమానులలో చాలామంది రోగమూ మందూ తామే చెబుతారు: “కింద ఏదో కొడుతోందండీ, షాక్ అబ్జార్బర్లు పోయాయి, మార్చేయండి.” అడిగినదే మార్చి డబ్బు తీసుకుని పంపించే షెడ్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, నాలుగు కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించుకున్నాక కూడా అదే శబ్దంతో వచ్చే కార్లు మాకు తరచుగా కనిపిస్తాయి. స్విఫ్ట్, డిజైర్, ఐ10, ఎతియోస్ వంటి కార్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. వీటన్నిటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకటిగా ఉండే నిలువు భాగం), వెనుక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉంటాయి. అరిగే భాగాలూ, అరిగే తీరూ దాదాపు ఒకటే.

అపోహ: కింద టకటకమని శబ్దం వస్తే షాక్ అబ్జార్బర్లు పోయినట్లే.

వాస్తవం: షాక్ అబ్జార్బర్ చేసే పని స్ప్రింగు ఊగిసలాటను ఆపడం. అది బలహీనపడినప్పుడు చాలాసార్లు శబ్దమే రాదు. హైవే మీద కారు తేలుతున్నట్లు ఉంటుంది, బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి వంగుతుంది, టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడినట్లు అరుగుతుంది. శబ్దం సాధారణంగా వదులైన కీళ్ల నుంచి వస్తుంది, వాటిలో మొదట అనుమానించవలసినది, మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను స్ట్రట్‌కు కలిపే లింక్ రాడ్‌ను. ధర వందల్లో ఉండే ఈ చిన్న రాడ్ రెండు చివర్లలోనూ బంతి కీలు ఉంటుంది. దాని రబ్బరు తొడుగు చిరిగి మట్టి చేరితే, చిన్న చిన్న గతుకుల మీద నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కూడా లడలడమంటుంది.

దీన్ని పరీక్షించడంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఒక పక్క జాకీ పెట్టి లేపి లింక్ రాడ్‌ను ఊపి చూస్తారు, అది బిగువుగానే కనిపిస్తుంది. ఒక చక్రం పైకి, ఒకటి కిందికి ఉన్నప్పుడు స్టెబిలైజర్ బార్ మెలితిరిగి లింక్ రాడ్‌ను బలంగా పట్టి ఉంచుతుంది కాబట్టి అందులోని వదులు దాగిపోతుంది. కారు నాలుగు చక్రాల మీద సమంగా నిలబడి ఉండగా పిట్‌లోకి దిగి, రాడ్‌ను గుప్పిట పట్టుకుని గట్టిగా ఊపితే వదులు చేతికే తెలుస్తుంది. ఇంకా సందేహం ఉంటే రెండు లింక్ రాడ్‌లనూ విప్పేసి, అదే గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూడవచ్చు. మలుపుల్లో కారు ఎక్కువగా ఒరుగుతుంది కనుక వేగం కూడదు.

లింక్ రాడ్ కాకపోతే, చక్రాన్ని కింది వైపు ఫ్రేముకు కలిపే లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్‌ను చూడాలి. చక్రాన్ని లేపి, గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట్ల పట్టుకుని ఊపాలి, టైరు కింద కడ్డీ పెట్టి పైకి ఎత్తి కూడా చూడాలి. 3, 9 అంకెల చోట్ల పట్టుకున్నప్పుడు వదులు కనిపిస్తే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీళ్లను, అంటే టై రాడ్ ఎండ్‌నో, ర్యాక్ ఎండ్‌నో అనుమానించాలి. ఊపుతున్నప్పుడు లోపల ఒకరు బ్రేకు తొక్కితే వదులు మాయమైందంటే అది వీల్ బేరింగుది. ఈ వరుసలో వేటినైనా వాయిదా వేయవచ్చేమో గాని, వదులైన బాల్ జాయింట్‌ను మాత్రం వాయిదా వేయకూడదు, ఎందుకంటే అది ఊడితే చక్రం పక్కకు పడిపోయి కారు అదుపు తప్పుతుంది. కారు నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పినప్పుడు పైనుంచి టంగుమని వినిపించేది స్ట్రట్‌ను పైన బాడీకి బిగించే స్ట్రట్ మౌంట్ లేదా అందులోని బేరింగు శబ్దం.

అపోహ: బానెట్ మీద నొక్కి వదిలితే కారు రెండుసార్లకు మించి ఊగకపోతే షాక్ అబ్జార్బర్లు బాగున్నట్లే.

వాస్తవం: ఈ పరీక్షలో దొరికేది పూర్తిగా చచ్చిపోయిన షాక్ అబ్జార్బర్ మాత్రమే. చేత్తో నొక్కినప్పుడు పిస్టన్ కదిలే వేగానికీ, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో గుంతలో పడినప్పుడు కదిలే వేగానికీ పోలికే లేదు. సగం శక్తి కోల్పోయినది కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. నేను దీనికంటే టైరు మీద గుంటలు పడ్డాయేమో అరచేయి రాసి చూడటాన్నే ఎక్కువ నమ్ముతాను.

అపోహ: షాక్ అబ్జార్బర్ మీద నూనె తడి కనిపిస్తే అది అయిపోయినట్లే.

వాస్తవం: పిస్టన్ రాడ్ పైకీ కిందికీ ఆడేటప్పుడు సీలును తడిపే నూనె కొద్దిగా బయటికి వచ్చి, పై భాగంలో దుమ్ము పట్టిన పలుచని పొరగా కనిపించడం మామూలే. నూనె ధారగా కిందిదాకా కారి, తుడిచిన కొద్ది రోజులకే మళ్లీ తడిస్తే అది లీకు. అప్పుడు ఒకటి కాకుండా, ఆ వరుసలోని రెండిటినీ కలిపి మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడూ మలుపులోనూ కారు రెండు పక్కలా రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. ఈ జత నియమం లింక్ రాడ్‌లకూ టై రాడ్ ఎండ్‌లకూ వర్తించదు. ఒక్కటే అరిగితే ఒక్కటే మార్చవచ్చు.

అపోహ: ఇన్ని కిలోమీటర్లకు సస్పెన్షన్ మొత్తం మార్చాలని ఒక లెక్క ఉంటుంది.

వాస్తవం: అలాంటి లెక్క లేదు. హైవే మీదే తిరిగిన కారులో లక్ష దాటినా కారుతో వచ్చిన బుష్‌లే (కీళ్ల దగ్గర కుదుపును మింగే రబ్బరు తొడుగులు) బాగుండవచ్చు, అదే మోడల్ ఊళ్ల మధ్య తిరిగి అందులో సగం దూరానికే లోయర్ ఆర్మ్‌లు అడగవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా ఉండాలి. మన ఊళ్లలో జనం తామే పోసుకునే సిమెంటు దిమ్మెలకూ ఆ కొలతలకూ ఉన్న దూరమే బుష్‌ల ఆయుష్షును నిర్ణయిస్తుంది. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ మోసే ట్యాక్సీలలో వెనుక స్ప్రింగులు కుంగాయో లేదో కూడా చూడాలి. సమతలమైన నేల మీద, సరైన టైరు గాలితో, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు రెండు పక్కలా టేపుతో కొలిస్తే సరిపోతుంది.

అపోహ: సర్వీసింగ్ చేయించినప్పుడు కింద డీజిలో, వాడేసిన ఇంజిన్ ఆయిలో కొట్టిస్తే కిర్రు శబ్దాలు పోయి సస్పెన్షన్ ఎక్కువ కాలం మన్నుతుంది.

వాస్తవం: కిర్రు శబ్దం వారం రోజులు పోతుంది, ఆ తర్వాత బుష్ పోతుంది. సస్పెన్షన్ బుష్‌లలో ఎక్కువగా వాడేది సహజ రబ్బరు. పెట్రోలియం నూనె తగిలితే అది ఉబ్బి, మెత్తబడి, లోహపు తొడుగు నుంచి ఊడిపోతుంది. కీళ్లలోకి గ్రీజు ఎక్కించే నిపుల్స్ ఉన్న అంబాసిడర్ రోజుల్లో గ్రీజు కొట్టించడం అవసరమే, ఆ అలవాటు మాత్రం మనతో ఇప్పటికీ నడుస్తోంది. నేటి చిన్న కార్ల కీళ్లు గ్రీజు నింపి మూసివేసినవి, వాటికి కావలసిందల్లా చిరగని రబ్బరు తొడుగు. నీళ్లతో కడిగి వదిలేయమని చెప్పండి.

అపోహ: మంచి కంపెనీ విడిభాగం కొంటే చాలు, బిగించడంలో పెద్ద విద్య ఏమీ లేదు.

వాస్తవం: కొత్త లోయర్ ఆర్మ్ బుష్ కొన్ని నెలలకే చిరిగిందని యజమాని వచ్చినప్పుడు, విడిభాగం నకిలీదని నిర్ణయించే ముందు నేను అడిగే ప్రశ్న ఒకటే: బోల్టులను కారు గాలిలో ఉండగా బిగించారా, నేల మీద ఉండగా బిగించారా? బుష్‌లో లోపలి లోహపు గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఫ్రేముకు కదలకుండా పట్టుకుంటుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా జారేది ఏదీ ఉండదు, రబ్బరే మెలితిరుగుతుంది. చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, కారును కిందికి దించిన క్షణంలోనే రబ్బరు సగం మెలితిరిగి ఉంటుంది. ప్రతి గుంతా ఆ మెలికను ఇంకా పెంచుతుంది కాబట్టి ఎంత మంచి రబ్బరైనా త్వరగా చీలుతుంది. బోల్టులను మొదట వదులుగా పెట్టి, కారును చక్రాల మీద దించి, రెండుసార్లు నొక్కి ఊపి, ఆ తర్వాతే పిట్‌లోకి దిగి టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన బిగింపు ఇవ్వాలి. పిట్ లేని చోట లోయర్ ఆర్మ్ చివర జాకీ పెట్టి కారు బరువు దాని మీద పడేవరకు లేపి బిగించవచ్చు. వెనుక బీమ్ బుష్‌లకూ ఇదే పద్ధతి.

స్ట్రట్ విషయంలో చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. పై నట్టు బిగించేటప్పుడు పిస్టన్ రాడ్ తిరగకుండా దాని మెరుపు భాగాన్ని ప్లయర్‌తో పట్టుకుంటే, దాని మీద పడిన గీత ప్రతి కదలికలోనూ సీలును కోస్తుంది, కొత్త షాక్ అబ్జార్బర్ త్వరలోనే కారుతుంది. పెట్టెలో పడుకోబెట్టి ఉంచిన షాక్ అబ్జార్బర్‌ను నిలువుగా పట్టుకుని కొన్నిసార్లు పూర్తిగా నొక్కి లాగిన తర్వాతే అమర్చాలి, లేకపోతే పని చేసే గొట్టంలో చేరిన వాయువు వల్ల మొదట్లో అది ఖాళీగా ఆడుతుంది. స్ట్రట్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ కాచే బంప్ స్టాప్ పాతదై పొడిపొడిగా రాలుతుంటే దాన్నీ, చిరిగిన డస్ట్ కవర్‌నూ కొత్త స్ట్రట్ మీద మళ్లీ వేయడం పొదుపు కాదు. స్ప్రింగును తాడుతోనో గొలుసుతోనో కట్టి విప్పే చోట అయితే మీరు దగ్గరలో నిలబడకండి. నొక్కిన స్ప్రింగు ఎగిరితే ప్రాణం తీయగలదు, దానికి సరైన స్ప్రింగ్ కంప్రెసర్ తప్ప మరో మార్గం లేదు.

అపోహ: కుంగిన స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెడితే కొత్త సస్పెన్షన్ పెట్టినంత లాభం.

వాస్తవం: బఫర్ పెట్టిన చోట స్ప్రింగు చుట్లు కదలడం మానేస్తాయి, పని అంతా మిగిలిన చుట్ల మీద పడుతుంది. కారు ఎత్తు కాస్త పెరుగుతుంది, ప్రయాణం బిరుసవుతుంది, అలసిపోయిన షాక్ అబ్జార్బర్‌కు, స్ట్రట్ మౌంట్‌కు భారం ఇంకా పెరుగుతుంది. కారును అమ్మేముందు వీటిని పెట్టి ఎత్తు చూపించేవారు కూడా ఉన్నారు కనుక, పాత కారు కొనేవారు చక్రం వెనుక ఒకసారి చేయి పెట్టి తడిమి చూడటం మంచిది.

అపోహ: స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంటే అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: అలైన్‌మెంట్ యంత్రం చక్రం ఆ నిమిషంలో ఏ కోణంలో ఉందో మాత్రమే చెబుతుంది. బుష్ చిరిగి ఉంటే బ్రేకు వేసినప్పుడు ఆ చక్రం వెనక్కి జరిగి మరో కోణంలోకి పోతుంది, యంత్రం ఇచ్చిన కాగితం మీద అంకెలు అన్నీ సరే అన్నట్లు పచ్చగా ఉన్నా రోడ్డు మీద లాగుడు అలాగే ఉంటుంది. పైగా ఈ చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సర్దుబాటవుతుంది, క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) తేడా ఉంటే వంగిన ఆర్మ్‌నో స్ట్రట్‌నో వెతకాలి. అందుకే అరిగిన భాగాలు మార్చడం ముందు, అలైన్‌మెంట్ తర్వాత. టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్, స్ట్రట్‌లలో ఏది విప్పినా అలైన్‌మెంట్ తప్పనిసరి. దానికి వెళ్లేటప్పుడు డిక్కీలో ఎప్పుడూ మోసే సామాను అక్కడే ఉంచి, టైర్లలో సరైన గాలి పట్టించి తీసుకువెళ్లండి.