సీసా దాటాకే అరటికి అసలు పరీక్ష

టిష్యూకల్చర్ అరటి, అంటే మొక్కలోని చిన్న ముక్క నుంచి ల్యాబ్ సీసాల్లో పెంచిన అరటి అనగానే అందరి దృష్టీ ల్యాబ్ మీదే ఉంటుంది. వరంగల్ ఎండల్లో మొక్క నిలుస్తుందా లేదా అన్నది తేలేది మాత్రం సీసా దాటిన తొలి మూడు నెలల్లోనే.

ల్యాబ్ పని గట్టి నియమాల మీద నడుస్తుంది. వైరస్ లేదని పరీక్షలో తేలిన గ్రాండ్ నైన్ రకం తల్లిచెట్టు నుంచి సన్నని ఆకులున్న సూదిపిలక తీసి, పొరలు ఒలిచి, క్రిమిరహితం చేసి, మొవ్వు మొనను మురాషిగే-స్కూగ్ అనే పోషకాల మాధ్యమంలో పెడతారు. లీటరు మాధ్యమంలో 30 గ్రాముల చక్కెర, దాన్ని జెల్లీలా గడ్డకట్టించే అగర్ 7–8 గ్రాములు, పిలకలు పుట్టించే బీఏపీ హార్మోన్ 3–5 మిల్లీగ్రాములు ఉంటాయి. మూడు నాలుగు వారాలకోసారి గుబురును విడదీసి కొత్త సీసాల్లోకి మారుస్తారు. ప్రతిసారీ మూడింతలైతే ఆరు విడతల్లో ఒక మొన 729 అవుతుంది. ఆశపడి ఎనిమిది విడతలు దాటిస్తే పొట్టి మొక్కలు, రంగు చెదిరిన ఆకులు పెరుగుతాయి.

సీసాలో గాలి తేమతో నిండి ఉంటుంది, తిండి చక్కెర రూపంలో అందుతుంది. అందుకే ఆకు మీద మైనపు పొర పలుచగా ఉంటుంది, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. ఉన్నట్టుండి బయట పెడితే గంటల్లో వాడిపోతుంది. ముందుగా వేళ్లకు అంటిన అగర్‌ను శుభ్రంగా కడగాలి. మిగిలితే దానిలోని చక్కెరకు బూజు పట్టి మొదలు కుళ్ళుతుంది. కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో నాటి, 80–90 శాతం తేమలో ఉంచి, 4–6 వారాల్లో ఆ తేమను కొద్దికొద్దిగా తగ్గించాలి. తర్వాత మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన సంచుల్లోకి మార్చి, సగం ఎండను ఆపే 50 శాతం షేడ్‌నెట్ (నీడవల) కింద 6–8 వారాలు పెంచాలి.

ల్యాబ్ దూరంగా ఉన్నా ఈ దశను మన దగ్గరే చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. మొక్క ఇక్కడి వేడికి, ఇక్కడి నీటికి అలవాటు పడుతుంది, లారీ కుదుపులకు వేళ్లు తెగవు. అయితే జూన్‌లో నాటాలంటే నర్సరీ పని ఏప్రిల్, మే ఎండల్లో సాగాలి. పొగమంచులా నీటి తుంపర చల్లే ఫాగర్లు, నమ్మకమైన కరెంటు లేనివాళ్లు ఆ సాహసం చేయవద్దు. తొలకరి పడ్డాక మొదలుపెట్టి సెప్టెంబరులో నాటుకోవడం మేలు.

30 సెంటీమీటర్ల ఎత్తు, 5–6 ఆకులు ఉన్న మొక్కే పొలానికి పనికొస్తుంది. 1.8 మీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 1,250 పడతాయి. చెల్కల్లో డ్రిప్ చాలు. నల్లరేగడిలో నీరు నిలిస్తే లేత మొక్కకు దుంపకుళ్ళు వస్తుంది. లాగితే మొదలు దగ్గర విరిగి దుర్వాసన కొడుతుంది.

టిష్యూకల్చర్ మొక్క శుభ్రమైనదే, కానీ రోగాన్ని తట్టుకునే శక్తి దానికి కొత్తగా రాదు. పక్కన పాత పిలకల తోట ఉంటే పేనుబంక అనే చిన్న రసం పీల్చే పురుగు వెర్రితెగులు అనే వైరస్ రోగాన్ని మోసుకొస్తుంది. ఆకులు కురచబడి కొసన గుత్తిగా ముడుచుకున్న మొక్క కనిపిస్తే ముందు పేనుబంకకు మందు కొట్టాలి, ఆ తర్వాతే దుంపతో సహా తవ్వి తీయాలి. మందు కొట్టకుండా కదిలిస్తే పురుగులు పక్క మొక్కల మీదికి పాకుతాయి.