పరమసత్యాన్ని అమ్మిన వ్రోన్‌స్కీ

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. అక్క ఇంజినీరింగ్ లెక్కల పుస్తకంలో ఉన్న ‘రాన్‌స్కియన్’ ఎవరి పేరని అడిగారు కదా. యూజెఫ్ వ్రోన్‌స్కీ అనే పోలెండ్ తత్వవేత్తది.

1776లో పుట్టాడు. 1794లో రష్యా మీద పోలెండ్ సేనాని కొష్చుష్కో తిరుగుబాటు చేస్తే అందులో పోరాడి, బందీగా చిక్కాడు. మరుసటి ఏడాదే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలెండ్‌ను పూర్తిగా పంచేసుకున్నాయి. కొన్నాళ్లు రష్యా సైన్యంలోనే పనిచేసి, చివరికి ఫ్రాన్స్ చేరాడు. అక్కడ మార్సేల్‌లో ఉండగా, 1803 ఆగస్టు 15న తనకు పరమసత్యం తెలిసిపోయిందనుకున్నాడు! లెక్కలు, సైన్సు, మతం, రాజకీయం అన్నిటినీ దాన్నుంచే రాబట్టవచ్చన్నాడు. దేవుడి మాటను నమ్మి ఊరుకోకూడదు, మనిషి తన బుద్ధితో దాన్ని నిరూపించుకోవాలన్నది అతని వాదన. ఈ మాట నాకు నచ్చుతుంది. దాన్ని అమ్మకానికి పెట్టడమే నచ్చదు. నీస్ పట్టణపు ధనవంతుడు అర్సాన్ ఆ సత్యం నేర్పమని డబ్బిచ్చాడు. తర్వాత ఇద్దరికీ చెడి, గొడవ కోర్టుకెక్కింది. పారిస్ అంతా నవ్వుకుంది.

లెక్కల్లోనూ అదే ధోరణి. ఏ ప్రమేయాన్నైనా (ఫంక్షన్‌నైనా) అనంత శ్రేణిగా, అంటే అంతులేని పదాల మొత్తంగా రాసే ‘పరమ నియమం’ కనిపెట్టానని 1810లో పారిస్ పండితులకు పంపాడు. లగ్రాంజ్, లక్రువా అనే గణితవేత్తలు పరిశీలించారు. పూర్తిగా ఒప్పుకోకపోయేసరికి ఇతనికి కోపం వచ్చి, 1812లో లగ్రాంజ్ సిద్ధాంతాన్నే ఖండిస్తూ పుస్తకం వేశాడు. మన రాన్‌స్కియన్ ఆ కోపంలో రాసిన పుస్తకంలోదే.

అదేం బ్రహ్మవిద్య కాదు. రెండు ప్రమేయాలు తీసుకోండి. మొదటిదాన్ని రెండోదాని డెరివేటివ్‌తో (అంటే అది మారే వేగంతో), రెండోదాన్ని మొదటిదాని డెరివేటివ్‌తో గుణించి, మొదటి లబ్ధంలోంచి రెండోది తీసేయండి. ఆ తేడానే రాన్‌స్కియన్. సైన్ ఎక్స్, కాస్ ఎక్స్‌లకు మైనస్ 1 వస్తుంది. అంటే ఒకదాన్ని ఏ సంఖ్యతో గుణించినా రెండోది రాదు. ఎక్స్, 2ఎక్స్‌లకు సున్నా వస్తుంది, ఒకటి రెండోదానికి రెట్టింపే కదా. అయితే సున్నా రాగానే తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఆ మెలిక అక్కనడగండి.

వ్రోన్‌స్కీ 1853లో పేదరికంలోనే పోయాడు. ఆ లెక్కకు అతని పేరు పెట్టింది స్కాట్లాండ్ గణితవేత్త థామస్ మ్యూర్, 1882లో. ‘పరమ నియమం’లోనూ పస ఉందని 1939లో బనాక్ అనే పోలెండ్ గణితవేత్తే చూపించాడు.

ఎక్స్‌కూ, ఎక్స్ స్క్వేర్‌కూ ఎంతొస్తుందో వేసి, జవాబు రాసి పంపండి.

మీ తాతయ్య