పాత పడవ మోటారులో గేర్ ఆయిల్ ఎందుకు తెల్లబడుతుంది?

అమెరికా ఉత్తరాన విస్కాన్సిన్, మిన్నెసోటా, మిషిగన్ రాష్ట్రాల్లో సరస్సులు వేలల్లో ఉన్నాయి. అక్టోబరు వచ్చి చలి ముదిరేసరికి అక్కడి పడవలవాళ్లకు ఒక పని తప్పదు. పడవ వెనక తగిలించే మోటారుకు నీళ్లలో మునిగే అడుగు భాగంలో గేర్ల పెట్టె ఉంటుంది. దాని కింద ఉన్న చిన్న స్క్రూ విప్పి గేర్ ఆయిల్‌ను పళ్లెంలోకి దింపుతారు. తేనె రంగులోనో, కాస్త నల్లబడో దిగితే ఫర్వాలేదు. పాలు ఎక్కువైన కాఫీలా చిక్కగా, మసగ్గా దిగితే మాత్రం లోపలికి నీళ్లు వెళ్లాయన్నమాట. 1950ల నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్ బ్రాండ్ల మోటార్లను ఇంకా నడుపుకుంటున్నవాళ్లకు ఈ రంగు బాగా తెలుసు.

నూనె, నీరు రెండూ విడిగా ఉన్నప్పుడు పారదర్శకంగానే ఉంటాయి. కలిసి తిరిగితే తెల్లబడతాయి. గేర్ల పళ్లు నీటిని చితక్కొట్టి మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు బిందువులుగా ఆయిల్‌లో చెదరగొడతాయి. ఆయిల్ వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) సుమారు 1.48, నీటిది 1.33. ఈ తేడా వల్ల వెలుతురు ప్రతి బిందువు దగ్గరా వంగి అన్ని వైపులా చెదురుతుంది. అన్ని రంగులూ దాదాపు సమానంగా చెదరడంతో మన కంటికి తెలుపే కనిపిస్తుంది. నీరు చాలా తక్కువగా ఉన్నా రంగు మారుతుంది కాబట్టి ఈ హెచ్చరికను నమ్మవచ్చు. అలా చెదిరిన బిందువులు తొందరగా విడిపోవు కూడా. గేర్ల కోసం ఆయిల్‌లో కలిపే రసాయనాల్లో కొన్ని వాటిని పట్టి ఉంచుతాయి.

గేర్ల పళ్లు ఒకదానిమీద ఒకటి జారే చోట ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. అక్కడ లోహానికీ లోహానికీ మధ్య నిలవాల్సింది ఆయిల్ పొర. నీరు కలిస్తే ఆ పొర బలం తగ్గుతుంది, బేరింగుల మీద తుప్పు మొదలవుతుంది. చలికాలంలో ఇంకో ప్రమాదం ఉంది. అడుగున చేరిన నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. అల్యూమినియం పోత పెట్టె ఆ ఒత్తిడికి పగులుతుంది. పగిలిన పెట్టెను అతికించడం చాలా కష్టం. నీరు దూరకుండా ఆపే రబ్బరు సీల్‌ను మాత్రం మార్చుకోవచ్చు. నీళ్లు గడ్డకట్టకముందే ఆయిల్ తీసి చూసేది ఇందుకే.

పని మొదలుపెట్టే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. పాత మోటార్లు టూ స్ట్రోక్‌వి, పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడుస్తాయి. పూర్తిగా కాలని ఆయిల్ పొగగొట్టం దారిలో కిందికి దిగి, ప్రొపెల్లర్ దగ్గర నల్లగా చుక్కలు చుక్కలుగా కారుతుంది. అది చూసి గేర్ బాక్స్ లీకవుతోందని కంగారుపడేవాళ్లు చాలామంది. ఆ నల్లటి జిడ్డు పలచగా ఉండి మసి వాసన వేస్తుంది. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం వాసన ముక్కుకు ఘాటుగా తగులుతుంది. ముందుగా వాసన చూస్తే అనవసరంగా మోటారు విప్పే శ్రమ తప్పుతుంది.

ఇక నీరు దూరే దారుల సంగతి. నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో ఒకే సిలిండరుతో, ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఈ యంత్రం మూల నిర్మాణం పెద్దగా మారలేదు. ఇంజిను నుంచి నిలువు షాఫ్ట్ కిందికి దిగుతుంది. వంపు గేర్లు ఆ తిరుగుడును అడ్డంగా మళ్లించి ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు అందిస్తాయి. అంటే పెట్టెలోకి షాఫ్టులు వెళ్లే రంధ్రాలు రెండు. చాలాకాలం మోటార్లలో గేరు మార్పు లేదు, వెనక్కి పోవాలంటే మోటారునే వెనక్కి తిప్పేవారు. 1949లో జాన్సన్ కంపెనీ 10 హార్స్‌పవర్ క్యూడీ మోడల్‌లో ముందుకు, న్యూట్రల్, వెనక్కి అనే మూడు స్థానాల గేర్ షిఫ్ట్ పెట్టింది. జాలర్లకూ షికారుకు వెళ్లేవాళ్లకూ అది పెద్ద సుఖం. కానీ గేరు మార్చే కడ్డీ లోపలికి వెళ్లాలి కాబట్టి పెట్టెకు ఇంకో రంధ్రం పడింది. దానికి తోడు ఆ రోజుల్లో ఈ గేర్ బాక్స్ అడుగు భాగం విడిగా ఊడివచ్చే మూతలా ఉండేది. ఆ రెండు ముక్కలు కలిసే అతుకు వెంబడి గాడిలో సన్నటి రబ్బరు తాడు కూర్చుతారు. ఆయిల్ పోసే, తీసే స్క్రూల కింద వాషర్లు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి పాడైనా చాలు.

పెట్టె నీళ్లలో అర మీటరు లోతున ఉంటే బయటి నీటి ఒత్తిడి 0.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే. అంత చిన్న ఒత్తిడికి అంత నీరు ఎలా వెళ్తుంది? జవాబు వేడిలో ఉంది. లోపల కొంచెం గాలి మిగులుతుంది. నడిచేటప్పుడు పెట్టె 20 డిగ్రీల నుంచి 60కి వేడెక్కిందనుకుందాం. ఆ గాలి ఒత్తిడి సుమారు 14 శాతం, అంటే 2 పీఎస్ఐ పెరుగుతుంది. ఆయిల్ కూడా దాదాపు 3 శాతం వ్యాకోచించి ఆ గాలిని ఇంకా నొక్కుతుంది. అరిగిన సీల్ గుండా కొంత గాలో, ఆయిలో బయటికి పోతుంది. తర్వాత ఇంజిను ఆపి చల్లటి నీళ్లలోనే వదిలేస్తే లోపలి ఒత్తిడి బయటికన్నా తగ్గుతుంది. ఇప్పుడు సీల్ పక్కనే ఉన్నది నీరు. పోయిన ఆయిల్ స్థానంలోకి అదే వస్తుంది. ప్రయాణం ముగిశాక మోటారును పైకెత్తి ఉంచే అలవాటు పాత మోటార్లకు ఇంత మేలు చేసేది ఇందుకే.

ఇప్పుడు సీల్ దగ్గరికి వద్దాం, నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే. చూడటానికి లోహపు రింగుకు అతికిన రబ్బరు పెదవి, దాని వెనక సన్నటి చుట్టు స్ప్రింగు. మొదట్లో ఈ పెదవి తోలుది. జర్మనీలోని వైన్‌హైమ్‌లో తోలు వ్యాపారం చేసే ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ 1930ల్లో తయారుచేసిన సీళ్లు పేరు తెచ్చుకున్నాయి. ఆ దశాబ్దంలోనే తోలు స్థానంలోకి కృత్రిమ రబ్బరు వచ్చింది. మన ఊళ్లో ట్రాక్టరు, మోటారుసైకిలు మెకానిక్ ఆయిల్ సీల్ అని అడిగి తెచ్చేది ఈ వస్తువునే.

పెదవి షాఫ్ట్‌ను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఆయిల్ రాదని అనుకుంటాం. అలా పొడిగా పట్టుకుంటే నిమిషానికి రెండు వేల సార్లకు పైగా తిరిగే షాఫ్ట్ మీద ఆ రబ్బరు కొద్దిసేపట్లోనే మాడిపోతుంది. బ్రిటన్‌లో ఇ.టి. జాగర్ 1957లో ప్రచురించిన ప్రయోగాల్లో పెదవికీ షాఫ్ట్‌కూ మధ్య ఆయిల్ పొర ఉంటుందని తేలింది. దాని మందం మైక్రాన్ అటూఇటూ, మన వెంట్రుకలో యాభయ్యో వంతు కూడా ఉండదు. మరి ఆయిల్ ఆ పొర దారిలో బయటికి ఎందుకు రాదు? రహస్యం పెదవి ఆకారంలో ఉంది. ఆయిల్ వైపు పెదవి నిటారుగా, గాలి వైపు వాలుగా ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతుంటే రబ్బరు మీది సూక్ష్మమైన గరుకు చుట్టూ లాగబడి ఏటవాలుగా వంగుతుంది. ఆ వంపులు తమ దాకా వచ్చిన ఆయిల్‌ను లోపలికే నెడతాయి. గాలి వైపు కావాలని ఆయిల్ వేసి షాఫ్ట్ తిప్పితే మంచి సీల్ దాన్ని రెండో వైపుకు లాగేసుకుంటుంది. ప్రయోగశాలల్లో సీల్ పనితనాన్ని ఇలా కూడా కొలుస్తారు. అందుకే సీల్ నాకు చిన్న పంపులా కనిపిస్తుంది.

పంపు అని ఒప్పుకుంటే మరమ్మతు చూసే తీరు మారుతుంది. చాలామంది కొత్త సీల్ కొని పెట్టి, మళ్లీ కారితే సీల్ నాసిరకమని తిట్టుకుంటారు. నా ఉద్దేశంలో సగం తప్పు షాఫ్ట్‌ది. దశాబ్దాల పాటు ఒకేచోట పెదవి రాసుకున్నాక, నూనెలో చిక్కిన ఇసుక రేణువులు ఉక్కును కూడా అరగదీస్తాయి. షాఫ్ట్ మీద మెరిసే గీత ఒకటి కనిపిస్తుంది. గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు ఆ గీతలో తట్టుకుని ఆగితే అది గాడి. కొత్త పెదవి ఆ గాడిలో సరిగ్గా కూర్చోదు. తుప్పు గుంటలుంటే ఇంకా నష్టం, ప్రతి గుంటా పెదవిని కోస్తూ పోతుంది. గాడి లోతు తక్కువైతే సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి కూర్చోబెట్టే వీలుందేమో చూడాలి. లేదంటే మిల్లీమీటరులో మూడో వంతు మందం కూడా లేని స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్‌ను, అంటే పలచటి గొట్టం లాంటి తొడుగును, షాఫ్ట్ మీదికి తొడగాలి. షాఫ్ట్‌ను గరుకు కాగితంతో పొడవునా రుద్దడం మాత్రం వద్దు. ఆ గీతల వెంట ఆయిల్ నేరుగా బయటికి దారి చేసుకుంటుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ఇంకో శత్రువు చేపల గాలానికి కట్టే నైలాను తాడు. నీళ్లలో తేలుతున్న తాడు ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని, నలిగి, సీల్ పెదవిలోకి కోసుకుంటూ వెళ్తుంది. ప్రొపెల్లర్ తీసినప్పుడల్లా అక్కడ తాడు ఉందేమో చూడాలి.

విప్పేటప్పుడు మొదటి తలనొప్పి స్క్రూలు. ఉక్కు స్క్రూ, అల్యూమినియం పెట్టె నీటిలో కలిసి ఉంటే అల్యూమినియం తినేయబడి తెల్లటి పొడిగా మారి స్క్రూను బిగబడుతుంది. బలంగా తిప్పితే తల విరుగుతుంది. పెట్టెకు వేడి పెడితే అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. ఇంకో జాగ్రత్త: ఈ జాన్సన్, ఎవిన్‌రూడ్ కుటుంబానికి చెందిన చాలా మోడళ్లలో ఆయిల్ స్క్రూకు దగ్గర్లో ప్లస్ గాడి ఉన్న మరో స్క్రూ ఉంటుంది. అది గేరు మార్చే లివరు తిరిగే ఇరుసు. ఆయిల్ స్క్రూ అనుకుని తీస్తే లోపలి లివరు జారిపోయి, పెట్టె మొత్తం విప్పాల్సి వస్తుంది.

కొత్త సీళ్లు ఎటు తిప్పి పెట్టాలన్నది చూసుకోవాలి. పెదవి ఏ ద్రవాన్ని ఆపాలో ఆ వైపుకు చూడాలి. నిలువు షాఫ్ట్ దగ్గర వీపులు ఆనించి రెండు సీళ్లు పెట్టే పద్ధతి ఉంది. దాని పైనే నీటి పంపు ఉంటుంది, పై సీల్ ఆ నీటిని ఆపుతుంది. కింది సీల్ ఆయిల్‌ను ఆపుతుంది. బిగించే ముందు ఒక చిన్న పని మరిచిపోకూడదు. ప్రొపెల్లర్‌ను పట్టి ఉంచే పిన్ కోసం షాఫ్ట్‌కు అడ్డంగా రంధ్రం ఉంటుంది. ఏళ్ల తరబడి పిన్ కొట్టుకుని ఆ రంధ్రం అంచు కత్తిలా తేలి ఉంటుంది. కొత్త సీల్ దాని మీదుగా జారితే పెదవి చీరుకుపోతుంది. ఆకురాయితో ఆ అంచు నున్నగా చేసి, మీద పలచటి టేపు చుట్టి, పెదవికి గ్రీజు రాసి తొడగాలి.

బిగించాక నీళ్లలోకి తీసుకెళ్లి చూద్దామనుకోవద్దు. ఆయిల్ పోయకముందే రంధ్రానికి గేజీ ఉన్న చిన్న చేతి పంపు తగిలించి ముందు 3 నుంచి 5 పీఎస్ఐ, తర్వాత 10 దాకా గాలి పట్టించాలి. తొట్టి నీళ్లలో ముంచి షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పుతూ, గేరు కడ్డీని కదుపుతూ చూడాలి. బుడగలు ఎక్కణ్నుంచి వస్తే కారుతున్నది అక్కడే. తర్వాత అదే పంపుతో గాలి లాగి కూడా చూడాలి. ఒత్తిడికి నిలిచిన సీల్ శూన్యానికి నిలవకపోవచ్చు, చల్లబడే మోటారులో జరిగేది ఆ రెండోదే.

ఆయిల్‌ను ఎప్పుడూ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి. అప్పుడు గాలి పై రంధ్రం గుండా పోతుంది. పైనుంచి ఆయిల్ పొంగి రాగానే ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాత కింద పంపు తీసి స్క్రూ పెట్టాలి. వాషర్లు ప్రతిసారీ కొత్తవి. కొన్ని గంటలు నడిపాక మోటారును రాత్రంతా నిలువుగా వేలాడదీసి, మర్నాడు కింది స్క్రూను ఒక చుట్టు వదులు చేయాలి. నీరు బరువు కాబట్టి లోపల విడిగా ఉంటే ముందుగా అదే బొట్టుగా వస్తుంది. ఆయిల్ తెల్లబడి వచ్చినా లోపం ఇంకా పోలేదన్నమాటే, మళ్లీ గాలి పట్టించి చూడాలి. తేనె రంగు చుక్క వస్తే స్క్రూ బిగించి వచ్చే అక్టోబరు దాకా నడుపుకోవచ్చు.