వేపచెట్టు ఎండిందని గొడ్డలి పట్టుకునే ముందు

వానలు వెనకబట్టే రోజుల్లో నా ఫోను మోగడం మొదలవుతుంది. సైనిక్‌పురి నుంచి, వనస్థలిపురం నుంచి, మొన్నయితే మేడ్చల్ దాటాక ఒక పొలం గట్టు మీద నుంచి. అందరిదీ ఒకటే మాట: "వేపచెట్టు చచ్చిపోయింది, కొట్టించేయమంటారా?" మొక్కల తెగుళ్లు చూడటమే నా పని. నా జవాబు ముందే చెబుతున్నాను. కొట్టించకండి.

ఈ ఒక్క అపోహే అన్నిటికన్నా ఎక్కువ చెట్లను తీసింది. కొసలు మాడి, ఆకులు గోధుమరంగుకు తిరిగి, చెట్టంతా సెగ తగిలినట్టు కనిపించేసరికి ఆశ వదులుకుంటారు. అది డైబ్యాక్. ఫోమోప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం లేత రెమ్మల్లో చేరి, కొస నుంచి వెనక్కి ఎండబెడుతూ వస్తుంది. చాలాచోట్ల దానికి టీ దోమ తోడవుతుంది. పేరుకు దోమే గాని అది రసం పీల్చే పురుగు, జీడిమామిడి రైతులకు పాత శత్రువు. అది గుచ్చిన చోట చిగురు నల్లబడుతుంది, ఆ గాయం శిలీంధ్రానికి దారి అవుతుంది. రెండూ కలిస్తే చెట్టును చూడలేం. అయినా దెబ్బ తగిలేది రెమ్మలకే. ముదురు చెట్టు మాను, వేళ్లు చాలావరకు బతికే ఉంటాయి, కొన్ని నెలలకు మళ్లీ చిగురిస్తాయి.

2021లో ఈ తెగులు విరుచుకుపడినప్పుడు తార్నాకలో ఒక పెద్దాయన నన్ను పిలిచారు. చనిపోయిన భార్య నాటిన చెట్టు. కట్టెల వాళ్లతో బేరం కూడా అయిపోయింది. వేలు లావున్న కొమ్మ మీద గోటితో బెరడు గీరి చూపించాను. లోపల పచ్చగా, తడిగా ఉంది. ఆయన ఆ పచ్చదనాన్ని వేలితో తడిమి చూసుకుని, లోపలికి వెళ్లి, కట్టెల వాళ్లకు ఫోను చేసి రావద్దన్నారు. తరువాతి ఉగాదికి పచ్చడిలోకి పూత ఆ చెట్టుదే.

మీరూ అలాగే గీరి చూడండి. కొస దగ్గర మొదలుపెట్టి కిందికి రండి. పచ్చదనం కనిపించిన చోటి వరకు చెట్టు బతికి ఉన్నట్టే. చేతికి అందే ఎండు రెమ్మలను ఆ పచ్చభాగంలోకి రెండు మూడు అంగుళాలు దిగి కత్తిరించండి, కత్తిరించినవి చెట్టు కింద వదలకండి. మొక్కలకైతే లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని కలిపి పిచికారీ చేయవచ్చు. ఇళ్ల మధ్య మహావృక్షానికి మాత్రం మందు కొట్టించకండి. అది పక్కింటి సంపులో, ట్యాంకులో పడుతుంది.

వీడియోల్లో తెగుళ్లకు చచ్చిన అమెరికా అడవులను చూసి భయపడేవారూ ఉన్నారు. అక్కడ జరిగింది వేరు. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ ఆసియా నుంచి వెళ్లిన, యాష్ అనే చెట్లను చంపే పెంకుపురుగు. దాని పిల్లపురుగులు మాను బెరడు కిందే తొలిచి, ఆకుల నుంచి వేళ్లకు ఆహారం దిగే దారిని తెంచేస్తాయి. 1904లో న్యూయార్క్‌లో కనిపించిన చెస్ట్‌నట్ తెగులు శిలీంధ్రం కూడా మాను చుట్టూ బెరడును చంపుతుంది. ఆ చెట్లకు కోలుకునే వీలు దాదాపు లేదు. మన వేపకు ఉంది.

ఇక సెల్ టవర్ల వల్లే వేపలు ఎండుతున్నాయని ఫోన్లలో తిరిగే సందేశం మాట. ఈ శిలీంధ్రానికి మన దేశంలో 1997లోనే పేరు పెట్టారు. అప్పటికి మన ఊళ్లలో టవర్లెన్ని? దయచేసి ఆ సందేశాన్ని ఇంకొకరికి పంపకండి. ఈ తెగులు మనుషులకు అంటుకోదు. చేదు చెట్టుకు తెగులే రాదన్నది నిజం కాదు. చెట్టు మొదట్లో ఉప్పు, కిరోసిన్ పోస్తే తెగులు పోదు, వేళ్లు పోతాయి.

నిజంగా భయపడవలసింది నారు గురించి. ఈ శిలీంధ్రం గింజతో కూడా వస్తుంది, లేత మొక్క తట్టుకోలేదు. తెగులు సోకిన చెట్టు కింద ఏరిన గింజలతో నారు పోయకండి.

ఇప్పటికే కొట్టించినవారు దిగులుపడి మొద్దును పెకలించకండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడమే తప్పు, ఆ సంగతి అలా ఉంచండి. వేప మొద్దు నుంచి పిలకలు వేస్తుంది. బలమైనవి ఒకటో రెండో ఉంచి మిగిలినవి తీసేయండి, వేసవిలో వారానికోసారి నీళ్లు పోయండి.