బతికిపోయిన పెట్ట మీదే నా అనుమానం

కోళ్ళకి తెగులొచ్చి గూడంతా ఖాళీ అయ్యింది, రెండు పెట్టలు మాత్రం మిగిలాయి, కొత్తవి ఎప్పుడు తేవచ్చు అని మా పిన్ని అడిగింది. సంతలో కొన్న కోడిని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచమని ఎవరైనా చెప్తారు, మంచి మాటే, ఎందుకంటే తెగులు తగిలిందని తెలియగానే మిగిలినవాటిని సంతకి పట్టుకెళ్ళి అమ్మేసేవాళ్ళు మనలోనే ఉన్నారు. కానీ ఆ సలహాలో భయమంతా కొత్త కోడి మీదే. నేనైతే ముందు ఆ మిగిలిన రెండిటినీ అనుమానిస్తా.

పోయినవి కొక్కెర తెగులుకి పోతే కొంత నయం. కోలుకున్న కోడి కొన్ని వారాలు రెట్టలో వైరస్ వదిలి తర్వాత మానేస్తుంది, బయటపడిన వైరస్ ఎండకి తొందరగా చస్తుంది, నీడలో తడి పెంటలో అయితే వారాల తరబడి ఉంటుంది. మైకోప్లాస్మా అనే బాక్టీరియా వేరే రకం. మందు వేస్తే గురక, ముక్కు కారడం తగ్గుతాయి గానీ క్రిమి జన్మంతా లోపలే ఉంటుంది, గుడ్డులోంచి పిల్లకి కూడా పోతుంది. దానికి కణకవచం ఉండదు కాబట్టి ఆ కవచాన్ని దెబ్బతీసే పెన్సిలిన్ ఎంత వేసినా దండగే.

నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది మారెక్స్ అనే కోళ్ళ జబ్బు. కోడి ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోతుంది, ఊళ్ళో గాలి సోకిందనో దిష్టనో అంటారు, నిజానికి లోపల నరాలు వాచిపోయి ఉంటాయి. ఇది హెర్పిస్ జాతి వైరస్. ఒంట్లో ఎక్కడున్నా కణంలోంచి పక్క కణంలోకి పాకడమే తప్ప బయటికొచ్చి బతకలేదు, ఒక్క చోట తప్ప. ఈక మొదలు దగ్గరుండే చర్మకణాల్లో మాత్రమే పూర్తి వైరస్ తయారవుతుంది, ఆ కణాలు చచ్చి పొట్టులా రాలతాయి, పిండిమర గోడలకి పిండి పట్టినట్టు ఆ దుమ్ము గూడంతా పేరుకుని పొడిగా ఉంటే నెలల తరబడి అంటిస్తూనే ఉంటుంది. కొత్త పిల్ల దాన్ని పీలుస్తుంది, వైరస్ ఊపిరితిత్తుల్లోంచి బి కణాలనే తెల్లరక్తకణాల్లోకి, అక్కణ్ణుంచి టి కణాలనే ఇంకో రకంలోకి ఎక్కి నక్కుతుంది, ఓ రెండు వారాలకి ఈ పిల్ల ఈకల మొదళ్ళకీ చేరి ఇదీ దుమ్ము రాల్చడం మొదలెడుతుంది, ఇక జన్మంతా అంతే. నక్కిన టి కణాల్లో కొన్ని తర్వాత కంతులవుతాయి, కొన్ని కోళ్ళకి ఏమీ కాదు. అలా ఏమీ కానివే మీ గూట్లో మిగిలిన ఆ పెట్టలు కావచ్చు!

టీకా వేయిస్తే సరిపోదా అంటారు. మారెక్స్ టీకా కంతుల్ని ఆపుతుంది గానీ వైరస్ ఒంట్లోకి ఎక్కడాన్నీ, బయటికి రాలడాన్నీ ఆపదు. 2015లో ఆండ్రూ రీడ్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది ఇదే, బాగా ఉగ్రమైన రకం తగిలితే టీకా లేని కోడి ఎక్కువ వైరస్ రాల్చకుండానే చచ్చిపోతుంది, టీకా ఉన్నది బతికి వారాలపాటు రాలుస్తూ తిరుగుతుంది.

అందుకే పిల్లల్ని తెచ్చేటప్పుడు మొదటిరోజే మారెక్స్ టీకా వేసిన హేచరీ పిల్లల్ని తెచ్చుకోండి, టీకా పట్టడానికి వారం పైనే కావాలి కాబట్టి కనీసం రెండు వారాలు పాత గూటి దుమ్ము వాటికి తగలనివ్వకండి. మేత ముందు పిల్లలకి వేసి ఆ తర్వాతే పెద్దవాటి దగ్గరికి వెళ్ళండి, ఎప్పుడూ తలకిందులు చెయ్యకండి. కొక్కెర తెగులుకి మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారం దాటాక ఆర్‌టూబీ టీకా సూది ఎలాగూ తప్పవు.

గూట్లో సున్నం చల్లడం పాత అలవాటే, దాన్ని నేను కొట్టిపారెయ్యను, కానీ పెంట గీకి తీసేశాకే చల్లాలి, అదీ తాజా సున్నమే. సంచి విప్పి నెలల తరబడి మూల పడేసిన సున్నం గాలి పీల్చుకుని సుద్దపొడి అయిపోతుంది, అది చల్లితే గూడు తెల్లబడుతుంది, అంతే.

పాతవాటి మధ్య ఒక కొత్త కోడిని వదిలి ఏమవుతుందో చూడటం కూడా ఒక పద్ధతే, అయితే అది టీకా వేయని కోడై ఉండాలి, టీకా ఉన్నది జబ్బుని బయటపెట్టదు. కొక్కెర తెగులయితే మూడు వారాల్లో తేలిపోతుంది. మారెక్స్ తేలడానికి నెలలు పట్టొచ్చు.