పళ్ల పరిశోధనలో చక్కెర డబ్బు: 1971లో ఏం జరిగింది?

దంత వైద్యంలో ట్రయల్స్‌కు, అంటే మనుషుల మీద చేసే పరీక్షలకు, కంపెనీలు డబ్బు పెట్టడం సబబేనా అన్న వాదన మళ్లీ రాజుకుంది. కంపెనీలు ఎప్పటి మాటే చెబుతున్నాయి: డబ్బు మాది, ఫలితం డాక్టర్లది, అంకెల్లో మేం వేలు పెట్టం. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ పేచీ అంకెల దగ్గర లేదు, ఏ ప్రశ్న మీద పరిశోధన చేయాలో ఎవరు తేల్చారన్న దగ్గరే ఉంది. 1971లో అమెరికాలో జరిగింది చూస్తే ఇది తెలుస్తుంది.

చక్కెరకూ పిప్పిపళ్లకూ ఉన్న లింకు అప్పటికే పాత సంగతి. స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో 1940ల చివర్లో, మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు పళ్లకు అతుక్కునే టాఫీలు రోజూ పెట్టి మరీ తేల్చారు. వాళ్లను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆ ప్రయోగానికి మిఠాయి కంపెనీలు కూడా సాయం చేశాయి, ఫలితం మాత్రం వాటికే ఎదురు తిరిగింది.

అమెరికా చక్కెర పరిశ్రమ ఇక కాదనే పని పెట్టుకోలేదు. పళ్లు పుచ్చడంలో చక్కెర పాత్ర ఉందని 1950 నాటికే లోలోపల ఒప్పుకుని దారి మార్చింది. చక్కెర తగ్గించమనే మాట రాకుండా, తింటూనే పళ్లు కాపాడుకునే మార్గాలకు డబ్బు పోసింది. పళ్ల మీద పాచిని కరిగించే ఎంజైములు ఒకటి, పిప్పిపళ్లకు టీకా మరొకటి.

1960ల చివర్లో అక్కడి ప్రభుత్వ జాతీయ దంత పరిశోధన సంస్థ, పదేళ్లలో పిప్పిపళ్ల బెడద వదిలించాలని ఒక పెద్ద కార్యక్రమం తలపెట్టింది. చక్కెర తగ్గించడం సిద్ధాంతంగా బాగానే ఉన్నా ఆచరణలో కుదరదని 1969లోనే అనేసింది. ప్రాధాన్యాలు తేల్చే కమిటీలో ఎవరున్నారు? చక్కెర పరిశ్రమ వేసుకున్న నిపుణుల బృందంలో ఒక్కరు తప్ప అందరూ ఇందులోనూ ఉన్నారు. పరిశ్రమ పంపిన నివేదికలో 78 శాతం, పరిశోధకుల నుంచి దరఖాస్తులు కోరుతూ 1971లో ఇచ్చిన ప్రభుత్వ ప్రకటనలోకి నేరుగా వచ్చేసింది. ఏ తిండి పళ్లను ఎంత పాడుచేస్తుందో కొలిచే పరిశోధనకు మాత్రం ఆ జాబితాలో చోటు దక్కలేదు. అర్ధ శతాబ్దం దాటినా ఆ టీకా మార్కెట్లోకి రాలేదు.

ఇదంతా బయటపెట్టింది క్రిస్టిన్ కెర్న్స్ అనే డెంటిస్టు. 2007లో సియాటిల్‌లో, షుగరు జబ్బుకూ చిగుళ్ల జబ్బుకూ ఉన్న సంబంధం మీద జరిగిన సదస్సుకు వెళ్తే, అక్కడ ఒక కరపత్రం చేతికొచ్చింది. డయాబెటిస్ ఉన్నవాళ్లు ఏం తినాలో చెప్పే ఆ కాగితంలో చక్కెర తగ్గించమన్న మాటే లేదు. ఆ అనుమానమే ఆమెను పాత కాగితాల దాకా తీసుకెళ్లింది. చక్కెర పరిశ్రమకు సలహాదారుగా పనిచేసిన రోజర్ ఆడమ్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఫైళ్లు ఇలినాయ్ యూనివర్సిటీలో ఉన్నాయి. వాటిలోని 319 పత్రాలు చదివి, మరో ఇద్దరితో కలిసి 2015లో ఆమె ఈ వివరాలు ప్రచురించారు. నిక్సన్ కాలం నాటి సంగతుల మీద ఇప్పుడున్న సిబ్బంది వ్యాఖ్యానించడం కష్టమని చక్కెర పరిశ్రమ సంఘమైన షుగర్ అసోసియేషన్ జవాబిచ్చింది.

టూత్‌పేస్ట్ దగ్గరికొస్తే, క్రిములను చంపే ట్రైక్లోసాన్ అనే రసాయనం ఉన్న కోల్గేట్ టోటల్‌కు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 30 ట్రయల్స్‌ను చూసి 2013లో ఇచ్చిన సమీక్షలో చిగుళ్ల వాపు 22 శాతం, రక్తం కారడం 48 శాతం తగ్గినట్టు తేలింది. ఆ మేలు నిజమే, కంపెనీకి ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే. అయితే ఆ లెక్క ఆరేడు నెలల వాడకానిది. ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో చెప్పే ట్రయల్స్ మరీ తక్కువ. 2016లో అమెరికాలో సబ్బుల్లో ట్రైక్లోసాన్‌ను నిషేధించినప్పుడు ఈ పేస్ట్‌కు మినహాయింపు దొరికింది. 2019లో కంపెనీయే పేస్ట్‌లోంచి ట్రైక్లోసాన్‌ను తీసేసింది.

మన దేశంలో 2009 నుంచి ప్రతి ట్రయల్‌నూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. డబ్బు ఎవరిచ్చారు, ప్రధాన స్పాన్సర్ ఎవరు అని రాయడానికి అందులో గళ్లున్నాయి. ట్రయల్ తేల్చాల్సిన ప్రశ్నను మొదట ఎవరు ఎంచారో, అది ఎలా జరగాలో చెప్పే ప్రొటోకాల్ ముసాయిదా ఎవరి ఆఫీసులో తయారైందో చెప్పే గడి మాత్రం లేదు.