భోపాల్ బాధితుల వకాల్తా ప్రభుత్వం చేతికి ఎలా వెళ్లింది?

భోపాల్ గ్యాస్ బాధితుల పరిహారం గురించి ఇన్నేళ్లుగా నడుస్తున్న గొడవకు మూలం 1985 మార్చిలో పార్లమెంటు చేసిన ఒక చట్టంలో ఉంది. బాధితుల తరఫున దావా వేసే హక్కు, రాజీ పడే హక్కు కూడా కేంద్ర ప్రభుత్వానికి మాత్రమే ఉంటాయని ఆ చట్టం చెప్పింది.

కారణం లేకుండా చేయలేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు లీకైన కొద్ది రోజులకే అమెరికా లాయర్లు భోపాల్‌లో దిగి, వకాల్తాల మీద సంతకాలు చేయించుకోవడం మొదలుపెట్టారు. ఊపిరాడక మంచం పట్టిన కూలి మనిషి ఒక బహుళజాతి కంపెనీతో ఒంటరిగా ఏం కొట్లాడగలడు? మైనర్ల తరఫున పెద్దవాళ్లు నిలబడ్డట్టు ప్రభుత్వం నిలబడుతుందన్నారు. కోర్టు భాషలో దీన్ని ‘పేరెన్స్ పేట్రియే’ అంటారు.

కానీ ఆ పెద్దరికంలో మొదటినుంచీ ఒక చిక్కుంది. ఫ్యాక్టరీని నడిపిన భారత కంపెనీలో అమెరికా కార్బైడ్‌కు 50.9 శాతం వాటా ఉంటే, మన ప్రభుత్వ ఆర్థిక సంస్థలకూ వాటా ఉంది. లైసెన్సు ఇచ్చిందీ, తనిఖీ చేయాల్సిందీ ప్రభుత్వాలే. తప్పులో తమకూ భాగం ఉందేమో తేలాల్సినవాళ్లే బాధితుల గొంతయ్యారు.

1985 ఏప్రిల్‌లో ప్రభుత్వం న్యూయార్క్ కోర్టుకెళ్లింది. ఇంత పెద్ద కేసు మన కోర్టుల వల్ల కాదని మన ప్రభుత్వమే అక్కడ వాదించింది. భారత కోర్టులు సరిపోతాయని కార్బైడ్ అంది. 1986 మేలో జడ్జి కీనన్ దావా కొట్టేసి, ఇండియాలోనే తేల్చుకోమన్నారు. భోపాల్ జిల్లా కోర్టులో ప్రభుత్వం 330 కోట్ల డాలర్లు అడిగింది. అక్కడ మంజూరైన 350 కోట్ల రూపాయల మధ్యంతర పరిహారాన్ని హైకోర్టు 250 కోట్లకు తగ్గించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

అక్కడే, 1989 ఫిబ్రవరిలో, 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరిపోయింది. క్రిమినల్ కేసులు కూడా రద్దు! భర్తను, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లను ఒక్క మాటైనా అడగలేదు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. అదే ఏడాది డిసెంబరులో చరణ్ లాల్ సాహు కేసులో సుప్రీంకోర్టు 1985 చట్టం చెల్లుతుందంటూనే, రాజీకి ముందు బాధితుల మాట వినాల్సిందని ఒప్పుకుంది. అప్పటికే అంతా అయిపోయింది.

1991లో క్రిమినల్ కేసులకు మళ్లీ ప్రాణం వచ్చింది గానీ, రాజీ మొత్తం మారలేదు. డబ్బు చాలకపోతే కేంద్రమే భర్తీ చేయాలని, ముందుముందు జబ్బు బయటపడేవాళ్ల కోసం బీమా తీసుకోవాలని కోర్టు చెప్పింది. రాజీనాటి అంచనా 3,000 మరణాలు. క్లెయిములన్నీ తేలేసరికి ఆ లెక్క 5,295కు చేరింది, మొత్తం పరిహారం పొందినవాళ్లు 5.7 లక్షలు దాటారు. అదే డబ్బు ఇంతమందికి పంచితే ఒక్కొక్కరికి ఏం మిగులుతుంది?

2010లో ప్రభుత్వం క్యూరేటివ్ పిటిషన్ (సుప్రీంకోర్టు తన తీర్పునే సరిదిద్దుకోమని చివరి అవకాశంగా వేసే అర్జీ) వేసి, మరో 7,000 కోట్ల రూపాయలకు పైగా ఇప్పించమంది. 2023 మార్చిలో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. 1991లో తీసుకోమన్న ఆ బీమాను ప్రభుత్వం అసలు తీసుకోనే లేదని అదే తీర్పులో తప్పుపట్టింది.